నూనె ఉండగానే కొండెక్కిన దీపం

దసరా రోజు పగలు పన్నెండు దాటి పది నిమిషాలు.

ఎల్బీ నగర్‌లో విశ్వేశ్వరరావు ఇంటి గేటు ముందు ముత్తమ్మ సీతాఫలాల గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. పండ్లు అమ్ముకోవడానికి కాదు. ఆ ఇంటి వాచ్‌మన్ సైదులు ఆమె కొడుకు. ఇంటి యజమానిని చంపాడని నిన్న సాయంత్రం నాలుగింటికి పోలీసులు అతని అరెస్టు చూపించారు. ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కోర్టుకు సెలవైనా చట్టానికి సెలవు లేదు గనక, ఇవాళ నాలుగింటికి మెజిస్ట్రేటు ఇంటికే తీసుకెళ్తారు. అక్కడినుంచి జైలు. జైల్లోకి పోయే దారికి గేటు ఒకటే, వచ్చే దారికి గేట్లు వంద.

కొడుకు కేసు చూడమని తను వేడుకున్న మట్టయ్య స్కూటరు ఆపి దిగగానే ఆమె లేచింది.

"మావోడు గొళ్ళెం పెట్టిండంట గని, పానం తియ్యలేదయ్యా," అంది. "నాల్గింటికి తీస్కపోతరట."

"నాలుగు కొట్టకముందే నాలుగు నిజాలు బయటికి తీస్తనమ్మా. నువ్వు గీడనే ఉండు."

డిటెక్టివ్ మట్టయ్యకు యాభై రెండేళ్ళు. ఎక్సైజు లాబొరేటరీలో ఇరవై రెండేళ్ళపాటు, పట్టుబడిన సారాను పరీక్షించి సారాంశం రాసిన మనిషి. చుక్క ముట్టలేదు గానీ చాలామందికి చుక్కలు చూపించాడు. ముందుగానే పదవీ విరమణ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో పరిశోధన ఆఫీసు తెరిచాడు. మాటకు మాట అతికించి ఎదుటివాడి ప్రాణం తీసే అలవాటు ఆయనకు ఉంది. ఈ కేసులో మాత్రం ప్రాణం ముందే పోయింది. ఎలా పోయిందన్నదే తేలాలి.

సకల జనుల సమ్మె మొదలై అది ఇరవై నాలుగో రోజు. సింగరేణిలో బొగ్గు తవ్వే చేతులు ఆగితే హైదరాబాదులో ఫ్యాన్ల రెక్కలు ఆగాయి. పూటకు మూడు గంటలు కరెంటు కోత. వీధికి అటువైపు విశ్వేశ్వరరావు బంధువులు, కోచింగ్ సెంటరు తోటివాళ్ళు. ఇటువైపు సైదులు ఊరివాళ్ళు, సమ్మె శిబిరం నుంచి వచ్చినవాళ్ళు. ఎవరూ అరవడం లేదు. అరిస్తే బాగుండు అనిపించేంత నిశ్శబ్దం. 'ఆంధ్రా ఆయన్ని తెలంగాణ వాచ్‌మన్ చంపాడు' అన్న ఒక్క వాక్యం నిన్నటినుంచి ఆ రెండు గుంపుల మధ్య అంటించని అగ్గిపుల్లలా పడి ఉంది.

పోయిన విశ్వేశ్వరరావుది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో పదిహేడేళ్ళుగా గ్రూప్స్ పరీక్షలకు కరెంట్ అఫైర్స్ చెబుతున్నాడు. కరెంట్ అఫైర్స్ చెప్పే మనిషి కరెంటు లేనప్పుడు పోయాడన్న జోకు వీధి చివరిదాకా పాకింది. మట్టయ్య దానికి నవ్వలేదు. తను వేయాల్సిన జోకు ఇంకొకడు వేస్తే ఆయనకు నవ్వు రాదు.

అందరూ ప్లాట్లు కొంటున్న రోజుల్లో విశ్వేశ్వరరావు సీసాలు కొన్నాడు. ఫ్రాన్సులో బర్గండీ అనే ప్రాంతపు ఎర్ర వైను. తాగడానికి కాదు, పడుకోబెట్టడానికి. సీసా ఎప్పుడూ పడుకునే ఉండాలి, లోపలి రసం బిరడాను తడుపుతూ ఉండాలి, గది పదమూడు డిగ్రీలు దాటకూడదు. అలా పదిహేనేళ్ళు పడుకున్న సీసా లేచేసరికి దాని ధర కూడా లేస్తుంది. అక్కడ గట్టుకి ఇవతల కాసిన ద్రాక్షకు ఒక ధర, అవతల కాసినదానికి పదింతలు. మెయిన్‌రోడ్డు ప్లాటుకీ సందులో ప్లాటుకీ తేడా తెలిసిన ఎల్బీ నగర్ మనిషికి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పదకొండేళ్ళలో రెండు వందల పన్నెండు సీసాలు పోగేశాడు. ఇంటి సెల్లార్లో, కార్లు పెట్టుకునే చోటు వెనక, రెండు మెట్లు దిగితే వచ్చే చిన్న గదిలో వాటిని పడుకోబెట్టాడు. వాటి విలువ కట్టడానికి ముంబై నుంచి ఒక నిపుణుడు శనివారం రావాల్సి ఉంది.

నిన్న బుధవారం, మహానవమి. ఆయుధపూజ. డ్రైవరు బండికి పూజ చేసినట్టు, దర్జీ మిషనుకి పూజ చేసినట్టు, విశ్వేశ్వరరావు ఏటా తన సీసాలకు పూజ చేస్తాడు. పది గంటలకు కరెంటు పోయింది. పదిన్నరకు ఆయన పీట, దీపం, పసుపు కుంకుమలు పట్టుకుని గదిలోకి దిగాడు. తలుపుకున్న రబ్బరు పట్టీ ఊడిపోవడంతో అది బిగుసుకోదు. ఎవరైనా బయటినుంచి గొళ్ళెం పెడితేగానీ చల్లదనం నిలవదు. ఆ పని సైదులుది. పూజ అయ్యాక ఆయన బెల్లు నొక్కితే వచ్చి తీయాలి. కరెంటు లేనప్పుడు బెల్లు మోగదన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. పన్నెండు దాటాక వస్తానని చెప్పి సైదులు పది నలభైకి సమ్మె శిబిరానికి వెళ్ళాడు. పన్నెండు నలభైకి తిరిగొచ్చి తలుపు తీస్తే, విశ్వేశ్వరరావు పీట మీదినుంచి పక్కకు ఒరిగి ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. కరెంటు మాత్రం ఒంటిగంటకు వచ్చింది.

సమ్మె వల్ల పోస్టుమార్టం రిపోర్టు ఇంకా రాలేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గౌతమ్ మాత్రం రిపోర్టు కోసం ఆగలేదు. సమ్మెకు పోవడానికి సెలవివ్వలేదని సైదులు పొద్దున గొడవపడ్డాడు, కోపంతో గొళ్ళెం పెట్టి పోయాడు, ఏసీ లేని గదిలో ఉక్కతో ఊపిరాడక మనిషి పోయాడు. కేసు అరచేతిలో ఉంది, అరచెయ్యి సైదులు మెడ మీద ఉంది.

పొద్దున లాకప్‌లో సైదులు మట్టయ్యతో ఒకే మాట మూడుసార్లు చెప్పాడు. గొళ్ళెం తనే పెట్టాడట. రోజూ పెట్టేదేనట. కానీ తలుపు తీసినప్పుడు లోపల ఉక్కగా లేదట. మోకాళ్ళ కిందంతా చలి పెట్టిందట. రెండున్నర గంటలు కరెంటు లేని గదిలో చలేమిటని గౌతమ్ అతన్ని గదమాయించి, ఆ మాట కాగితం మీద రాయనే లేదు.

*

విశ్వేశ్వరరావు భార్య వెంకాయమ్మ వరండాలో చాప మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి, ఇంక ఏడవడం కూడా ఒక పనిలా తోచి ఆపేసిన మనిషిలా ఉంది. మట్టయ్య ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, వైను సంగతి నాకు కొద్దిగ తెలుసు. వైనం మీరు చెప్పాలె," అన్నాడు, మామూలు కంటే చాలా మెల్లగా.

ఆమె చెప్పింది. పదకొండుంపావుకి హారతి పళ్ళెం పట్టుకుని, భర్త పూజ అయిందేమో చూద్దామని కిందికి వెళ్ళింది. తలుపుకి గొళ్ళెం ఉంది. పూజ మధ్యలో పిలిస్తే ఆయనకు కోపం.

"తలుపు కిందినుంచి పొగ వస్తోందండి. తెల్లగా, నా పాదాల మీదికి పాకింది. సాంబ్రాణి వేస్తున్నారనుకున్నాను. ఆ పొగకే దణ్ణం పెట్టుకుని పైకి వచ్చేశానండి."

"వాసనొచ్చిందా అమ్మా?"

"ఏం వాసనండీ?"

"సాంబ్రాణి వాసన. అది ఇంట్ల ఏస్తే వీధిల తెలుస్తది."

ఆమె కళ్ళు మూసుకుని ఆలోచించింది. గుర్తు లేదంది. తర్వాత, ఎవరూ అడగకుండానే, ఇంకో మాట చెప్పింది. దీపంలో నూనె తన చేతులతో పోసిందట. వత్తి తనే చేసిందట. ఆయన్ని పైకి తెచ్చాక చూస్తే ప్రమిదలో నూనె నిండుగా ఉంది, దీపం మాత్రం కొండెక్కింది. నూనె ఉండగా దీపం కొండెక్కితే ఆ ఇంటికి అరిష్టమంటారు కదా, తను వత్తి సరిగ్గా చేయకపోవడం వల్లే ఆయన పోయాడా అని అడిగింది.

మట్టయ్య దగ్గర మాటకు మాట తయారుగా ఉంటుంది. ఈసారి ఆయన మాట అతికించలేదు. వత్తి తప్పేం లేదమ్మా అని మాత్రం అన్నాడు.

సీసాల గదికి ఆనుకుని ఏముందని అడిగితే స్టోరు గది అని చెప్పింది. దాంట్లో తన తమ్ముడు శ్రీరామమూర్తి సామాను ఉంటుందట. రొయ్యల శాంపిళ్ళు పంపే తెర్మాకోల్ డబ్బాలు. తాళం కూడా వాడి దగ్గరే.

శ్రీరామమూర్తి అప్పుడే కాఫీ కప్పుల పళ్ళెంతో వంటింట్లోంచి వచ్చాడు. వచ్చిపోయేవాళ్ళ కోసం వంటింట్లో నిన్నటినుంచి ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. రొయ్యల ఎగుమతి ఏజెంటు గనక మీసం కూడా సరుకును చూసి పెంచినట్టు ఉంది. రెండు చేతుల వేళ్ళకూ, పదింటికీ, చివర్లలో గుడ్డ చుట్టి ఉంది.

నిన్న పదింటినుంచి ఒంటిగంటన్నర దాకా దిల్‌సుఖ్‌నగర్‌లో తన ఆఫీసులోనే ఉన్నానన్నాడు. ఎవరు చూశారంటే, బస్సులు లేవు, ఆటోలు లేవు, పనివాళ్ళు రాలేదు, ఒక్కణ్ణే ఉన్నానన్నాడు. గత రెండేళ్ళుగా బావ కొన్న సీసాలను ముంబై నుంచి తెచ్చిపెట్టింది తనేనని అడగకుండానే చెప్పాడు. అడిగినవాటికి తడబడి, అడగనివాటికి గడగడా చెప్పే మనుషులంటే మట్టయ్యకు మహా ఇష్టం.

"వేళ్ళకేమైంది శ్రీరామమూర్తిగారూ?"

"హారతి ఇస్తుంటే కర్పూరం కాలిందండి."

"హారతిని కండ్లకద్దుకుంటం గని, పది వేళ్ళతోని పట్టుకోం గద."

"పళ్ళెం వేడెక్కింది." శ్రీరామమూర్తి నవ్వాడు. నవ్వు మీసం దాటి పైకి రాలేదు. "రాష్ట్రం విడిపోతే మా బతుకేమిటని మేం భయపడుతుంటే, మీరు నా వేళ్ళు లెక్కపెడుతున్నారా?"

"వేళ్ళు పదే శ్రీరామమూర్తిగారూ, లెక్క తప్పదు. హారతి టైముకు మీరు ఆఫీసుల ఉంటిరి గద, వేళలే కలుస్తలేవు," అన్నాడు మట్టయ్య లేస్తూ.

*

ఒంటిగంటా ముప్పై అయిదు. గది తాళంచెవి గౌతమ్ చేతిలో ఉంది.

ముప్పై నాలుగేళ్ళ గౌతమ్ ఎస్సైగా ఉన్నప్పుడు పట్టుకున్న మొదటి కల్తీ సారా కేసు, అది కల్తీ కాదని మట్టయ్య ఇచ్చిన రిపోర్టుతో కొట్టుకుపోయింది. ఆ సంగతి మట్టయ్య ఎప్పుడో మరిచిపోయాడు. గౌతమ్ ఒక్క పూట కూడా మరవలేదు.

"ఇరవై నిమిషాలు," అన్నాడు గౌతమ్. "అది కూడా వెంకాయమ్మగారు అడిగారని. రెండున్నరకి నేను స్టేషన్లో ఉండాలి, మూడింటికి వాణ్ణి బండెక్కించాలి."

"గౌతమ్ అని బుద్ధుడి పేరు పెట్టుకున్నవు. జర బోధి చెట్టు కిందికి రా."

"చెట్టు కిందికి కాదు, సెల్లార్లోకి. నడవండి."

మెట్లు దిగి తాళం, గొళ్ళెం తీశారు. టేకు తలుపు మందంగా ఉంది. ఏసీ మెల్లగా ఆడుతోంది. గోడ పొడుగునా, నేల నుంచి తల దాకా, చెక్క అరల్లో భుజాలు జారిన పొట్టి సీసాలు పడుకుని ఉన్నాయి. వోన్ రొమానే, షాంబోల్, నుయీ. నోరు తిరగని ఊళ్ళ పేర్లు. ఒక్కో సీసా కింద చెక్క అంచు మీద ఒక్కో కుంకుమ బొట్టు. లేబుల్ మీద మరక పడితే ధర పడిపోతుంది గనక విశ్వేశ్వరరావు భక్తిని చెక్కకే పరిమితం చేశాడు. మధ్యలో పీట. పీట ముందు ఇత్తడి ప్రమిద, అంచుకు వేలెడు తక్కువగా నూనె.

మట్టయ్య మొదట ఆ ప్రమిద ముందు చతికిలబడ్డాడు. అగ్గిపుల్ల గీసి అదే వత్తి వెలిగించాడు. మంట నిటారుగా, వణక్కుండా నిలబడింది.

"వత్తి మంచిదే. నూనె మంచిదే. గాలి లేదు. మరి నిన్న ఎందుకు ఆరింది?"

"ఆక్సిజన్ అయిపోయింది. నేనంటున్నదీ అదే."

"ఒక్క మనిషి, ఒక్క దీపం. ఇంత గదిల గాలి రెండు గంటల్ల అయిపోతదా? అట్లయితే మన సిటీ బస్సుల్ల రోజుకొకడు పోవాలె."

గౌతమ్ వాచీ చూసుకున్నాడు. మట్టయ్య గోడ మూలకు నడిచాడు. అక్కడ కింది అర పక్కన, మోకాలి ఎత్తున, గడియారమంత గుండ్రటి పెట్టె ఉంది. దాంట్లో కాగితం వారానికి ఒక చుట్టు తిరుగుతుంది. ఒక పెన్ను గది ఎంత చల్లగా ఉందో దానిమీద గీస్తూ పోతుంది. బ్యాటరీతో నడుస్తుంది, కరెంటుతో దానికి పని లేదు. ఇలాంటి సీసాలు కొనేవాడు సీసా ఒక్కటే చూడడు, అది ఇన్నేళ్ళూ ఏ చల్లదనంలో పడుకుందో ఆ కాగితం కూడా అడుగుతాడు. పెళ్ళికి ముందు జాతకం అడిగినట్టు.

"జాతకం సూడు," అన్నాడు మట్టయ్య.

గౌతమ్ వంగి చూశాడు. బుధవారం పది గంటల దాకా గీత పదమూడు మీద బల్లపరుపుగా ఉంది. పదికి కరెంటు పోగానే మెల్లగా ఎక్కింది; పదకొండుకి పదిహేను. ఎక్కుతూనే ఉండాల్సిన గీత పదకొండూ అయిదుకి కొండ మీదినుంచి జారినట్టు జారింది. పదకొండున్నరకి ఎనిమిది.

"కరెంటు లేనప్పుడు చల్లబడిందా?" గౌతమ్ గొంతులో మొదటిసారి దర్పం తగ్గింది. వెంటనే సర్దుకున్నాడు. "పెన్ను పాడైపోయి ఉంటుంది."

"పెన్ను పాడైతే పోనీ. కుంకుమ కూడ పాడైందా?"

మట్టయ్య టార్చి వేశాడు. పై అరల్లో బొట్లు గుండ్రంగా, పొడిగా ఉన్నాయి. అడుగు రెండు అరల్లో బొట్లు కారిపోయి, చెక్క వెంట ఎర్రటి చారలై, నేలను తాకి ఎండిపోయి ఉన్నాయి. నిన్న ఈ గదిలో కింది సగం చెమట పట్టింది, పై సగం పట్టలేదు. చలి పైనుంచి, ఏసీ నుంచి రాలేదు. నేల మీద పాకుతూ వచ్చింది. సైదులు మోకాళ్ళ కింద తగిలింది అదే. వెంకాయమ్మ పాదాల మీద పాకింది అదే.

"డ్రై ఐస్," అన్నాడు మట్టయ్య. "గడ్డకట్టించిన బొగ్గుపులుసు గాలి. దాని మీద మరిగే నీళ్ళు పోస్తే తెల్లటి పొగ లేస్తది. సాంబ్రాణి పొగ పైకి పోతది గౌతమ్. ఇది కిందికి పోతది, పల్లంల నీళ్ళు నిలిచినట్టు నిలుస్తది. పీట మీద కూసున్న మనిషి ముక్కు ఏ ఎత్తుల ఉంటది? నిలబడి పూజ చేసేటోడైతే తప్పించుకుంటుండె. ఆయన పద్ధతిగ కూసున్నడు, పద్ధతిగ పోయిండు. ఆమె బయట నిలబడి ఆ పొగకే దణ్ణం పెట్టింది."

గౌతమ్ వంగి కారిన బొట్లను మరోసారి చూశాడు. నోరు తెరిస్తే మాత్రం పాత కేసు నోట్లోకి వచ్చింది.

"మీకిది సరదా మట్టయ్యగారూ. బయట రెండు గుంపులున్నాయి. ఇప్పుడు వాణ్ణి వదిలేస్తే ఒక గుంపు, పట్టుకెళ్తే ఇంకో గుంపు. నాలుగింటికి ముద్దాయిని చూపిస్తే ఈ వీధి చల్లబడుతుంది. మీ కుంకుమ బొట్లు పట్టుకుని నేను వీధిలోకి వెళ్ళనా?"

"వీధిని చల్లబెట్టనీకె ఒక మనిషిని ఐసుల పెడ్తవా?"

"ఐసు ఎవరు తెచ్చారో చూపించండి. అప్పుడు మాట్లాడదాం."

మట్టయ్య మోకాళ్ళ మీద కూర్చుని అడుగు అరలోకి చెయ్యి పెట్టాడు. ఒక సీసా, ఇంకో సీసా, ఇంకోటి బయటికి తీశాడు. ఎక్సైజులో ఉండగా లేబుళ్ళు చూసి చూసి అరిగిపోయిన కళ్ళు ఆయనవి. పై అరల్లో లేబుళ్ళు ఏళ్ళ తేమకు ముడుచుకున్నాయి తప్ప, అక్షరం చెక్కుచెదరలేదు. అడుగు అరల్లో మాత్రం నల్ల అక్షరాల చుట్టూ నీలం మరక పాకింది. అచ్చుయంత్రం వేసిన సిరా నిన్నటి చెమటకు ఇలా కారదు. కంప్యూటర్ పక్కన పెట్టుకునే చిన్న మిషను సిరా కారుతుంది.

"అడుగు అరల ఉన్నవి గీ రెండేండ్లల వచ్చినయి. తెచ్చిందెవరో పైన మనకు కాఫీ ఇచ్చిండు. అసలు సీసాలు అమ్ముకుండు, ఏదో ఎర్ర నీళ్ళకు గీ పేర్లు అంటించిండు. ఎల్లుండి ముంబై ఆయనొస్తే ఒక్క చూపుల పట్టేస్తుండె. బావ పోతే సావు ఇంట్ల సీసాలు ఎవరు చూస్తరు? వాయిదా పడతది. రొయ్యల డబ్బాలల్ల పెట్టేది గీ ఐసే, ఉత్త చేతులతోని ముడితే వేళ్ళు కాలినట్టే బొబ్బలెక్కుతయి. తను తెచ్చిన చలే తన దొంగ లేబుళ్ళను ఏడిపించింది. బర్గండీ అనుకున్నడు పాపం విశ్వేశ్వరరావు. బతుక్కే గండి అనుకోలె."

సీసాలు తీసిన చోట గోడ కనిపించింది. గోడలో జానెడు చదరపు కన్నం, దానికి ఇనుప జాలీ. జాలీ మీద తెల్లటి తెర్మాకోల్ పూసలు నాలుగు అంటుకుని ఉన్నాయి. దాని అవతల స్టోరు గది.

చీకటి స్టోరు గదిలోంచి, జాలీ వెనక, ఏదో కదిలినట్టు మట్టయ్యకు అనిపించింది. అప్పటిదాకా తను మాట్లాడిందంతా ఆ కన్నం ముందే, గొంతు తగ్గించకుండా మాట్లాడానని ఆ క్షణంలో తట్టింది. గట్టిగా మాట్లాడడం ఆయన జన్మహక్కు. ఆ హక్కుకు మొదటిసారి భయమేసింది.

సరిగ్గా రెండింటికి కరెంటు పోయింది.

ఏసీ ఆగింది. బల్బు ఆరింది. ప్రమిద వెలుగులో ఇద్దరి నీడలు సీసాల మీద పడ్డాయి. మెట్ల పైన మెత్తటి అడుగులు. తలుపు మూసుకుంది. గొళ్ళెం జారిన చప్పుడు.

గౌతమ్ ఒక్క ఉరుకులో తలుపు దగ్గరికి వెళ్ళి భుజంతో గుద్దాడు. గేటు దగ్గర కాపలా పెట్టిన కానిస్టేబుల్ని పేరు పెట్టి పిలిచాడు. టేకు తలుపు ఆ పేరును మింగేసింది. ఫోను తీశాడు, సెల్లార్లో సెల్లుకు సిగ్నల్ లేదు.

కాసేపటికి జాలీ అవతలినుంచి చప్పుడు వచ్చింది. మరిగిన నీళ్ళు పోసిన చప్పుడు. ఆ వెంటే బుసబుస.

జాలీలోంచి తెల్లటి పొగ దిగింది. తొందర లేకుండా, దారి తెలిసినదానిలా, నేల మీద పరుచుకుంటూ పీట దాకా వచ్చింది.

"ఆ కన్నం మూసేస్తా," అంటూ గౌతమ్ చొక్కా విప్పి చేతికి చుట్టి కిందికి వంగాడు. తల అడుగు అర దాకా వెళ్ళిందో లేదో మోకాళ్ళు మడతపడ్డాయి. మట్టయ్య వెనకనుంచి బెల్టు పట్టుకుని లాగి నిలబెట్టాడు. గౌతమ్ నోరు తెరిచి గాలి తాగుతున్నాడు. ముఖమంతా చెమట.

"కూసోకు గౌతమ్. వంగకు. అర పట్టుకుని పైకెక్కు. ఎంత పైన ఉంటే అంతసేపు."

ఇద్దరూ అరల మీద కాళ్ళు పెట్టి, కప్పుకు తల ఆనించి నిలబడ్డారు. గౌతమ్ కాలు తగిలి ఒక షాంబోల్ కింద పడి పగిలింది. పదకొండేళ్ళు పడుకున్న వాసన ఒక్కసారి లేచింది. ఎండిన గులాబీలు, తడి మన్ను. మట్టయ్య జీవితంలో మొదటిసారి ఒక మంచి వైను వాసనను ఆస్వాదించడానికి నిరాకరించాడు.

కింద దీపం చిన్నదయింది. మంట వత్తిని వదిలి పైకి లేచి, ఒక్క క్షణం గాలిలో వెతుక్కుని, లేదు. నూనె నిండుగా ఉంది. వత్తి చివర ఒక ఎర్ర చుక్క మిగిలింది. అదీ పోయింది.

చీకట్లో గౌతమ్ గొంతు వినిపించింది. "ఎవడు..."

"సైదులు ఏడున్నడు గౌతమ్?"

"మా లాకప్‌లో."

"మరి గొళ్ళెం ఎవరు పెట్టిండ్రు?"

ఇద్దరి ఊపిరీ బరువుగా వినిపిస్తోంది.

"గీ మాట మెజిస్ట్రేటుకు చెప్పనీకె ఇద్దర్ల ఒక్కడన్న బతకాలె," అన్నాడు మట్టయ్య. "నువ్వే బతుకు. నువ్వు చెప్తే నమ్ముతరు."

"చెప్తాను," అన్నాడు గౌతమ్. "నా చేత్తోనే రాసిస్తాను."

తలుపు అవతల అలికిడయింది. అరవడానికి ఇద్దరి దగ్గరా ఊపిరి మిగల్లేదు. ఎవరో మెట్ల దగ్గర ఆగారు. శ్రీరామమూర్తి మాట వినిపించింది, మెల్లగా, లాలనగా. వాళ్ళిద్దరూ స్టేషనుకు వెళ్ళిపోయారట. ఇక్కడేం లేదట. అక్క పైకి వెళ్ళి పడుకోవాలట.

తలుపు కింది సందులోంచి తెల్లటి పొగ బయటికి, మెట్ల వైపు పాకుతూనే ఉంది. ఆ మెట్ల దగ్గర ఎవరి పాదాలు ఉన్నాయో వాటి మీదికి ఎక్కుతూనే ఉంది.

"ఇవాళ మనింట్లో పూజ లేదు కదరా," అంది వెంకాయమ్మ.

శ్రీరామమూర్తి మళ్ళీ పైకి వెళ్ళమన్నాడు.

"శ్రీరామూ... ఈ పొగకి వాసన లేదేంట్రా?"

గొళ్ళెం దగ్గర గాజులు చప్పుడయ్యాయి. ఆ వెంటనే, ఎవరో ఆ మణికట్టు పట్టుకున్నట్టు, ఆ చప్పుడు ఆగిపోయింది.